సేమరియా గఢ్ రాయి

బట్టలుతుక్కోడానికి ఒక మంచి రాయి కావాలని అచ్చియమ్మ మొగుణ్ణి పోరడం బిలాస్‌పూర్ బదిలీ అయి వచ్చిన వారంలోనే మొదలైంది. క్వార్టరు వెనకాల కొళాయి ఉంది గానీ, దాని కింద గచ్చంతా పగిలిపోయి, బట్ట వేస్తే మడ్డి అంటుకునేది. మొగుడు ఆదినారాయణ బేలాస్టు ట్రైను మీద గేంగు మేటు. పొద్దున్నే ఖాళీ వేగన్లతో బయల్దేరి, రాళ్ళెత్తించి, లైను కట్టల మీద దింపించి, దీపాలవేళకి ఇల్లు చేరేవాడు. రోజల్లా రాళ్ళతోనే కాపురం చేసే మనిషి ఇంటికొక్క రాయి తేలేడా అని ఆవిడ గోల.

రాయి సంగతి అలా ఉంచితే, అచ్చియమ్మకి ఎప్పుడూ ఏదో ఒకటి వెలితిగానే ఉండేది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోగా వీధి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. పేరంటానికి పిలిస్తే తాంబూలం చేతిలో పడగానే లేచిపోయేది. నీ కాల్లో చక్రం ఉంది వదినా, రైల్వేవాళ్ళకి తగ్గ పెళ్ళానివి అని పక్క క్వార్టరు మంగాయమ్మ నవ్వేది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కాపరానికి వచ్చాక ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, రాయ్‌గఢ్, ఇప్పుడు ఈ ఊరు. ఎక్కడికి వెళ్ళినా అవే రెండు గదులు, అదే బొగ్గు మసి. ఏ ఊళ్ళోనూ సామాన్ల మూటలు పూర్తిగా విప్పిన పాపాన పోలేదు. పిల్లలు లేరు. ఒకప్పుడు ఒక ఆడపిల్ల ఉండేదనీ, పోయిందనీ క్వార్టర్ల లైన్లలో వాళ్ళకి తెలుసు. అంతకుమించి ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మాఘమాసం చివర ఒక సాయంకాలం గేంగు మనుషులు నలుగురు ఒక రాతిని గడకర్రలకి కట్టి మోసుకొచ్చి పెరట్లో దించారు. నిలువుగా పెడితే మనిషి నడుము దాకా వచ్చే పలక. పైభాగం అరిగిన చెక్కలా నున్నగా ఉంది. ఆదినారాయణ దాని కింద ఇటుకలు పేర్చి, కాస్త వాలుగా, ఉతుక్కోడానికి వాటంగా అమర్చాడు. అడుగున ఏవో చెక్కడాలు ఉన్నట్టు అచ్చియమ్మ వేళ్ళకి తగిలింది. పాతకాలం రాళ్ళకి అవి మామూలేనని ఆయన చెప్పాడు.

ఆ రాయి సేమరియా నుంచి వచ్చింది. అకల్తరా వైపు ఒక ఏటి మీద రైలు వంతెన ఉంది. కిందటేడు వానలకి వంతెన పక్క కట్టలు కోసుకుపోతే, వాటికి పెద్ద రాళ్ళు తాపడం చెయ్యాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ దగ్గర్లోనే సేమరియా గఢ్ ఉంది. గఢ్ అంటే కోట. కోట అన్న మాటే గానీ మిగిలింది గుండ్రటి మట్టికట్ట, దాని చుట్టూ అగడ్త, లోపల కూలిన గుళ్ళ అరుగులు, నేలలోకి దిగబడిపోయిన ఇటుక గోడలు. ఏ రాజులు కట్టారో, ఎప్పుడు పోయారో ఎవరికీ తెలియదు. రాళ్ళు మాత్రం చెక్కి సిద్ధంగా ఉన్నాయి. కంట్రాక్టరు ఆ ఊరి భూమి శిస్తు వసూలు చేసే మాల్గుజారుతో మాట్లాడుకుని తవ్వకం మొదలుపెట్టాడు. గఢ్ పక్కకి వేగన్లు నిలపడానికి చిన్న సైడింగు కూడా వేశారు. ఆదినారాయణ ట్రైను రోజూ వెళ్ళేది అక్కడికే.

రాయి వచ్చాక అచ్చియమ్మకి కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. చేతుల్లో ఉన్న తిక్కంతా దాని మీద తీర్చుకునేది. ఆవిడ బట్ట బాదుతుంటే లైను చివరిదాకా వినిపించేది.

వైశాఖంలో అక్తి పండగ వచ్చింది. మన అక్షయ తదియే. ఆ దేశపు రైతులకి విత్తనాల ముహూర్తం అది. దానికి ముందు రోజు పొద్దున్న అచ్చియమ్మ చెంబు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి వెనక తలుపు అవతల కొందరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. కాళ్ళనిండా దుమ్ము. తలల మీద గంపలు, గంపల్లో గుడ్డ కప్పిన ఆకుదొన్నెలు. అందరికన్నా ముందు చేతికర్ర పట్టుకున్న ముసలావిడ. పేరు సుకవారా. తన కోడలు గఢ్ దగ్గర రాళ్ళు మోసే పనికి వెళ్తుందనీ, ఆ రాయి ఎటు వెళ్ళిందో కోడలే చూసి చెప్పిందనీ, నిన్న పొద్దున్న బయల్దేరి నడిచి వచ్చామనీ ఆవిడ తన ఛత్తీస్‌గఢీలో నెమ్మదిగా చెప్పింది. రాతికి నీళ్ళు పోసుకుని వెళ్ళిపోతామని అడిగింది.

అచ్చియమ్మకి మొదట భయం, తరవాత కోపం వచ్చాయి. రాయి వెనక్కి ఇమ్మంటారని అనుకుంది. ఇది సర్కారు క్వార్టరు, పొమ్మని తలుపు వేసేసింది.

వాళ్ళు పోలేదు. అరవలేదు, బతిమాలలేదు. గోడ నీడన వరసగా కూర్చున్నారు. అచ్చియమ్మ పదేపదే తలుపు సందులోంచి చూసింది. ముసలావిడ కళ్ళు మూసుకుని ఉంది. కోడలు దొన్నెల మీద గుడ్డలు సర్దుతూ ఉంది. ఎండ ఎక్కి గోడ నీడ కరిగిపోయినా వాళ్ళు జరగలేదు. ఇంట్లో ఒక్క పనీ సాగక అచ్చియమ్మ చివరికి కుండతో మంచినీళ్ళు తీసుకెళ్ళింది. సుకవారా కుండ అందుకుంది గానీ తాగలేదు. పెరట్లో రాతి వైపు చూస్తూ, ముందు ఆమెకి పొయ్యాలంది. అచ్చియమ్మ పక్కకి జరిగి తలుపు వదిలింది.

ఆ ఆడవాళ్ళు రాతిని తిరగవేసిన తీరు చూస్తే వాళ్ళకి బరువులు కొత్త కాదని తెలుస్తుంది. అడుగు భాగం పైకి వచ్చింది. ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఒక కాలు మడిచి, ఒడిలో బిడ్డని పెట్టుకుని, ఆ బిడ్డ పాదాన్ని గుప్పిట్లో పట్టుకుంది. మొహం అరిగిపోయింది. ఎన్ని చేతులు తడిమితే రాయి అలా అరుగుతుందో. కారిన సబ్బునీళ్ళు ఎండి ఆమె భుజాల మీద తెల్లటి చారలు కట్టాయి. నీలిమందు బొట్టొకటి బిడ్డ చెంప మీద ఉండిపోయింది. సుకవారా కొంగు తడిపి అదంతా తుడిచింది.

ఆమెని డోకరీ దాయి అంటారట. ముసలమ్మ తల్లి అని. గఢ్ చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్తికి తమ తమ విత్తనాల వడ్లు కొంచెం తెచ్చి ఆమె ముందు పోసి, అన్నీ కలిపి, మళ్ళీ తలో గుప్పెడు పట్టుకెళ్ళి పొలంలో ముందుగా అవే చల్లుతారు. ఒక ఊరి గింజ ఇంకో ఊరి మట్టిలో పడకుండా ఆ చుట్టుపక్కల ఏ చేనూ మొలవదు. ఎప్పటి నుంచి అంటే ఎవరికీ తెలియదు. గఢ్‌లో మనుషులు కాపురమున్న నాటి నుంచీ అంటారు.

వాళ్ళు నీళ్ళు పోశారు. పసుపూ కుంకుమా అద్దారు. వడ్లు కలిపి పంచుకున్నారు. అచ్చియమ్మ దోసిట్లో కూడా ఒక గుప్పెడు పోసింది సుకవారా. మాకు పొలం లేదని అచ్చియమ్మ అంది. అయినా ఉంచుకో అంది ముసలావిడ.

తరవాత వాళ్ళు చేసిన పనే అచ్చియమ్మని పట్టి కుదిపేసింది. రాతిని జాగ్రత్తగా మళ్ళీ బోర్లా తిప్పారు. ఇటుకల మీద ఏ వాలున ఉందో ఆ వాలునే పెట్టారు.

"ఉతుక్కో దాయీ. ఆమెకి నీళ్ళంటే ఇష్టమే" అని చెప్పి సుకవారా కర్ర అందుకుంది.

ఆ మర్నాడు అచ్చియమ్మ బట్ట తడిపి రాతి మీదికి ఎత్తింది. చెయ్యి దిగలేదు. ఇన్నాళ్ళూ తను బాదింది ఒక తల్లి వీపు మీద. ఆ దెబ్బలకి అడుగున బిడ్డ ఏమవుతూ ఉండేదో అన్న పిచ్చి ఊహ ఒకటి మనసులో దూరి ఇక బయటికి పోనంది. తడిబట్ట బకెట్లో పడేసి వచ్చేసింది.

సంగతి లైన్లన్నీ పాకింది. మంగాయమ్మ కొబ్బరికాయతో వచ్చి, రాయి నిలబెట్టి మొహం బయటికి పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. మొగవాళ్ళ చేత నిలబెట్టించింది కూడా. వారం తిరక్కుండా తార్‌బహార్ పేట నుంచి కూడా ఆడవాళ్ళు రాసాగారు. పిల్లలు లేనివాళ్ళు ముడుపులు కట్టారు. ఎవరి దీపం ముందు పెట్టాలని ఇద్దరు దెబ్బలాడుకున్నారు. నీ ఇంటికే నడిచొచ్చిన తల్లి వదినా, నీ ఒళ్ళోనూ ఒకరిని వేస్తుందని మంగాయమ్మ నలుగురిలో అంది. అచ్చియమ్మ ఆ మాటకి లేచి లోపలికి పోయింది. ఆ సాయంకాలమే రాతి మీద గోనెపట్టా కప్పి, వెనక తలుపుకి తాళం పెట్టింది.

బట్టలు మూటకట్టి అర్పా నదికి వెళ్ళసాగింది. వేసవిలో అర్పా అంటే ఇసక, మధ్యన మోకాలు దాకా నీళ్ళు. చాకళ్ళ మధ్య మేటు పెళ్ళాం బట్టలుతుకుతోందన్న మాట ఆదినారాయణకి షెడ్డులోనే చేరింది. ఆయన మంచివాడే గానీ పరువు దగ్గర పట్టింపు మనిషి. ఇంటికి రాగానే కేకలేశాడు. అడిగి తెప్పించుకుంది నువ్వు, ఇప్పుడు నన్ను నవ్వులపాలు చేస్తోంది నువ్వు అన్నాడు. గునపంతో నాలుగు ముక్కలు చేసి వేగన్లో పారేస్తే పీడా పోతుందన్నాడు. అచ్చియమ్మ మూలనున్న గునపం తెచ్చి ఆయన చేతికిచ్చి, గోనెపట్టా లాగేసింది.

ఆదినారాయణ గునపం పట్టుకుని నిలబడ్డాడు. నిలబడినవాడు నిలబడ్డట్టే ఉండి, దాన్ని గోడకి చేరేసి, అన్నం తినకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడకి ఇంట్లో ఊపిరాడలేదు. ఆ రాయి ఉండేచోటు చూస్తేనన్నా ఈ గుబులు తీరుతుందేమో అనుకుంది. మర్నాడు అకల్తరాలో బంధువులున్నారని మంగాయమ్మతో అబద్ధమాడి, మధ్యాహ్నం పాసింజరెక్కి చిన్న స్టేషన్లో దిగి, లైను వెంబడి నడిచింది. దూరం నుంచే గఢ్ కనబడింది. బల్లపరుపు వరిచేల మధ్య, ఏదో పెద్ద జంతువు పడుకున్నట్టు మట్టికట్ట. ఒక పక్క దాన్ని నిలువునా కోసేశారు. కోసినచోట ఎర్రమట్టి, అందులో వరసలు వరసలుగా ఇటుకలు, కుండపెంకులు, బూడిద చారలు కనిపిస్తున్నాయి. రెండో పక్క మాత్రం అగడ్త నీళ్ళలో గేదెలు ఈదుతున్నాయి, సింఘాడా కాయల తీగ అల్లుకుని ఉంది.

సుకవారా ఆవిడని చూసి ఆశ్చర్యపోలేదు. వస్తావనుకున్నాను అన్నట్టు తల ఊపి, కట్ట మీదికి తీసుకెళ్ళి చూపించింది. అచ్చియమ్మకి మామూలు గడ్డి గుంటల్లా కనిపించినవి ఆవిడకి గుమ్మాలు. ఇది మా అత్తింటి పాతవాళ్ళ వాకిలి అంది ఒక గుంట దగ్గర ఆగి. ఇక్కడ కుమ్మరుల ఇళ్ళు, అది నూనె గానుగ అంది. గానుగ రాయి నిజంగానే సగం మట్టిలో పడి ఉంది. ఒక్కోచోట ఆగినప్పుడు ఆవిడ ఒక పేరు పలికేది, పక్కింటావిణ్ణి పిలిచినట్టు మామూలుగా. అటువైపు ఎవరూ లేరు, గాలి తప్ప. పక్క ఊళ్ళ వాళ్ళకీ తమ తమ గుంటలు ఇక్కడ ఉన్నాయట. పెళ్ళి కుదిరితే వచ్చి చెప్పిపోతారట. పొలం గట్ల తగువులొస్తే ఇద్దరూ ఈ కట్ట మీద నిలబడి మాట్లాడుకోవాలట. ఇక్కడ అబద్ధమాడితే పాతవాళ్ళు వింటారు.

ఎవరు చెప్పారు మీకివన్నీ అని అచ్చియమ్మ అడిగింది.

"మా అత్త చెప్పింది. ఆవిడకి వాళ్ళ అత్త" అంది సుకవారా. "కరువొచ్చి కిందకి దిగేం అంతే. ఇల్లు మారేం, ఊరు మారలేదు."

మరి తవ్వుకుపోతుంటే ఊరుకున్నారేం అని అడిగితే, ముసలావిడ కింద సైడింగు వైపు చూసింది. బిలాస్‌పూర్ తెలీపారాలో ఉండే మాల్గుజారు ఇంటికి ఊళ్ళన్నీ కలిసి వెళ్ళాయట. ఆయన గుమ్మంలో పొద్దల్లా కూర్చున్నారట. రాళ్ళు రాళ్ళేనన్నాడట ఆయన. ఆకలి రోజులు కనక పిల్లలు అక్కడే కూలికి వెళ్తున్నారనీ, పాతవాళ్ళు దానికి కోపగించరనీ చెప్పింది.

అప్పుడే అచ్చియమ్మ కిందకి చూసింది. వేగన్ల పక్కన, తలకి తుండు చుట్టుకుని ఆదినారాయణ నిలబడి కూలీలని తొందరపెడుతున్నాడు. అదే క్షణంలో ఆయనా తలెత్తాడు. కట్ట మీద ఆ ఊరి ఆడవాళ్ళ మధ్య పెళ్ళాన్ని చూశాడు. ఆయనే ముందు తల తిప్పుకున్నాడు.

ఆవిడ తిరుగు పాసింజరులో ఇల్లు చేరిన కాసేపటికి ఆయనా వచ్చాడు. కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, మొహం చూడకుండానే మొదలుపెట్టాడు.

"నా డూటీ కాడికొచ్చి నిలబడతావేటే? మనుసులు ఏటనుకుంటారు?"

"ఏటనుకున్నా పర్లేదు మావా. ఆ రాయి అట్టుకెళ్ళి ఆలకిచ్చీ."

"ఎక్కడెడతాను? అది తీసిన సోటు లేదిప్పుడు. గొయ్యుంది. నీకు తెల్దేటి, సూసి వొచ్చేవు కదా."

అచ్చియమ్మ గుమ్మానికి చేరబడింది. ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే ఆయన నీళ్ళు పోసుకోవడం ఆపాడు.

"ఆ ముసల్దానికి ఎప్పుడో పోయినోళ్ళ గుమ్మాలు కూడా తెలుసు మావా. ఒక్కోల్నీ పేరెట్టి పిలస్తంది. మనం సక్రధర్‌పూర్‌లో మన గుంటని, కన్న కూతుర్ని, ఎట్టీసి వొచ్చీసినాం. నువ్వు తీసుకెళ్ళేవు. నన్ను గది దాటనియ్యలేదు. ఎక్కడెట్టేవో నువ్వు సెప్పలేదు, నాను అడగలేదు. బదిలీ కాయితం వొచ్చింది, మూట కట్టీసినాను. ఇప్పుడు ఊరెళ్ళినప్పుడల్లా ఆ టేసన్ దాటతాం కదా, ఏ పక్క కిటికీ కాడ కూకోవాలో నాకు తెల్దు. ఇటు కూకుంటాను, లెగిసి అటు కూకుంటాను."

రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి లైను ఇంకా పూర్తికాని రోజులవి. ఊరు వెళ్ళాలంటే చక్రధర్‌పూర్ మీదుగా ఖరగ్‌పూర్ దాకా వెళ్ళి చుట్టు తిరిగి దిగాలి. ప్రతిసారీ ఆ స్టేషన్లో ఆవిడ అటూ ఇటూ లేవడం ఆదినారాయణ చూసేవాడు. పెళ్ళాం కాల్లో చక్రం ఉందని అందరితో పాటు తనూ అనుకునేవాడు.

ఆయన కొళాయి కట్టేశాడు. తరవాత తుండుతో మొహం తుడుచుకుంటూ, ఆ ఊరి ఆడకూలీలు ప్రతి రాయీ గంపలో వేసేముందు నుదుటికి తాకించుకుంటారని చెప్పాడు. నెలల తరబడి చూస్తున్నాడట. టైము పోతోందని తనే అరిచేవాడట.

"ఎల్లుండి ఖాళీ వేగన్ల రేకుకి గార్డు మనోడే" అన్నాడు చివరికి. "నువ్వు కూడా రా. నా ఒక్కడివల్ల కాదు."

గార్డు సత్యనారాయణ వీళ్ళ వైపు మనిషే, పలాస దగ్గర వాడు. గార్డుండే బ్రేక్‌వేన్లో ఆడమనిషి ఎక్కడం రూల్సుకి విరుద్ధం. ఆయన జెండాలు సర్దుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు, అంతే. గోనెపట్టా చుట్టిన రాయి పక్కనే అచ్చియమ్మ కూర్చుంది. దారిపొడుగునా లేచి లేచి బయటికి చూసింది. ఆషాఢం వచ్చేసింది. చేలల్లో మొదటి వానకి నేల నల్లబడి, అక్కడక్కడా అరకలు సాగుతున్నాయి.

సైడింగులో దిగేసరికి ఊరంతా అక్కడే ఉంది. కబురెలా చేరిందో గానీ పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చారు. కంట్రాక్టరు లెక్కలు రాసే మున్షీ వేగన్లు నింపకుండా ఈ తమాషా ఏమిటని గొణిగాడు. రాతిని దించాక అసలు చిక్కు వచ్చింది. డోకరీ దాయి ఉన్న అరుగు పోయింది. ఆ చోట వాననీళ్ళు నిండిన గొయ్యి ఉంది. ఒకరు గొయ్యి గట్టున పెట్టాలన్నారు, ఇంకొకరు ఊళ్ళోకి తీసుకుపోదామన్నారు. ఊళ్ళోకి వద్దు, ఆమె గఢ్ దిగలేదెప్పుడూ అన్నాడొక ముసలాయన. మాటలు పెరిగాయి. సుకవారా కర్ర ఊతగా వచ్చి ఆదినారాయణ ముందు నిలబడింది. మళ్ళీ తవ్వకం రాని చోటు ఎక్కడో తవ్వించేవాడికే తెలియాలి కదా, నువ్వే చూపించమంది.

ఆదినారాయణ తలకి తుండు బిగించి చుట్టుకున్నాడు. తరవాత కట్ట మీదికి ఎక్కి, అగడ్త వైపు పాతిన ఒక ఇనపమేకు చూపించాడు. కంట్రాక్టరు హద్దు అక్కడితో ఆఖరు. దానికి అవతల గునపం పడదు. రాతిని అక్కడికి తనే ముందు భుజం పెట్టి మోయించాడు. నేల తొలిచి, నిలబెట్టి, స్లీపరు కింద కంకర కూరినట్టు చుట్టూ గట్టిగా రాయి కూరి, కదులుతుందేమోనని అరచేత్తో తోసి చూశాడు. తృప్తి కలగక తీసి మళ్ళీ కూరాడు. మున్షీ కేకలు వినబడుతూనే ఉన్నాయి. సుకవారా చెంబు ఆయన చేతికిచ్చింది. ఆయన బిత్తరపోయి పెళ్ళాం వైపు చూశాడు. పొయ్యమన్నట్టు అచ్చియమ్మ తల ఊపింది. ఆయన చెంబు వంచాడు. నీళ్ళు ఆ తల్లి తల మీంచి బిడ్డ మీదికి, బిడ్డ మీంచి నేలలోకి జారాయి.

తిరుగు ప్రయాణంలో మెయిలుకి దారి ఇవ్వడానికి వాళ్ళ రేకుని ఒక చిన్న స్టేషను లూపు లైన్లో ఆపారు. సత్యనారాయణ స్టేషను మాస్టరుతో మాట్లాడడానికి దిగి వెళ్ళాడు. బ్రేక్‌వేన్లో ఇద్దరే మిగిలారు. ఆదినారాయణ తలుపు కమ్మీ పట్టుకుని, బయటికే చూస్తూ మాట్లాడాడు.

"మనం ఊరెళ్ళినప్పుడు ఎడం పక్క. లోకో సెడ్డు దాటేక చిన్న నీళ్ళ గెడ్డొస్తది. గెడ్డ అవతల ఇప్ప సెట్టుంది. దాని మొదట్లో."

అచ్చియమ్మ జరిగి ఆయన పక్కకి వచ్చింది.

"మన గేంగు సింహాచలవూ నానూ ఎళ్ళేం. ఆ రోజు వాన పడతంది. నీ పాత కోకలో సుట్టేను, ఆకుపచ్చది, నువ్వు ఎతికేవు కదా తరవాత. సింహాచలం తవ్వుతానన్నాడు, నాను ఒద్దన్నాను. నానే తవ్వేను. మట్టి మెత్తగా ఉంది అచ్చీ. రాయి ఒక్కటీ తగల్లేదు."

"కాళ్ళు ఎటేపెట్టేవు?"

"ఉత్తరానికి. పంతులెవరూ లేరు, నాకు తోసినట్టు సేసేను." ఆయన కమ్మీ మీది తుప్పు గోటితో గీకాడు. "సెబితే నువ్వు తట్టుకోలేవనుకున్నాను. తరవాత్తరవాత ఎలా సెప్పాలో తెలీలేదు."

మెయిలు వచ్చి, చెవులు పగిలేట్టు వెళ్ళిపోయింది. అచ్చియమ్మ ఇంకా చెప్పమంది. వాన ఎంతసేపు పడింది, తిరిగొచ్చేటప్పుడు ఎవరైనా కనబడ్డారా, పిల్ల మొహం మీద గుడ్డ ఎవరు కప్పారు అని అడిగింది. ఆయన గుర్తున్నదల్లా చెప్పాడు. గుర్తులేనివి లేవన్నాడు. ఆవిడ ఏడ్చింది, అయినా ఆయన్ని ఆపనివ్వలేదు. గార్డు వచ్చి ఎక్కేదాకా అలాగే అడుగుతూ ఉంది.

మున్షీ ఊరుకోలేదు. ఖాళీ రేకు నింపకుండా ఆలస్యం చేశాడని ఆదినారాయణ మీద ఫిర్యాదు వెళ్ళింది. వానలు ముమ్మరమయ్యేలోగా వంతెన పని ముగిసింది, సైడింగు పీకేశారు. ఆదినారాయణని బేలాస్టు ట్రైను నుంచి తీసి లైను గేంగులో వేశారు. మేటు అని పిలిచేవాళ్ళు తగ్గారు. దానికి ఆయన కొన్నాళ్ళు ముడుచుకుపోయాడు. గఢ్ సగం పోయింది. మిగిలిన సగం మీద మరుసటి ఏడు అక్తికి ఊళ్ళన్నీ ఎప్పటిలాగే గంపలతో చేరాయి. కుమ్మరుల గుమ్మాలు తవ్వకంలో పోయాయి గనక, గాల్లోకి చెయ్యి చూపించి ఇక్కడ ఉండేవని కోడళ్ళకి చెప్పుకున్నారు. అచ్చియమ్మ కూడా వెళ్ళింది. మంగాయమ్మ కొన్నాళ్ళు మాట్లాడడం మానేసింది, లైన్లకి వచ్చిన దేవతని చేజేతులా సాగనంపిందని.

అక్తి కన్నా ముందే, మార్గశిరంలో, ఆదినారాయణ పాసు రాయించుకున్నాడు. ఊరికి కాకుండా చక్రధర్‌పూర్‌కే.

లోకో షెడ్డు పెరిగిపోయింది. గెడ్డ మీద కొత్తగా కల్వర్టు వేశారు. అవతల ఇప్ప చెట్టు ఉంది. దానికి కొంచెం దూరంలో మరో ఇప్ప చెట్టు కూడా ఉంది. ఆదినారాయణ మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. అక్కణ్ణించి గెడ్డ వైపు అడుగులు వేసి, ఆగి, రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు ఇది ఇంత ఎత్తు లేదన్నాడు. మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. వాన, ఆ రోజు వాన పడుతోంది, ఇలా లేదు అని తనలో తను అనుకున్నాడు. మొహం ఎర్రబడింది. వెళ్ళి సింహాచలం ఇంకా ఇక్కడే ఉంటే పిలుచుకొస్తానన్నాడు.

అచ్చియమ్మ రెండు చెట్లకీ మధ్య ఎండిన ఆకుల మీద చతికిలపడి, చెంబూ అన్నం మూటా ముందు పెట్టుకుంది. షంటింగు ఇంజను ఒకటి కూత వేసుకుంటూ వెళ్ళింది. ఆవిడ నేల మీద అరచెయ్యి ఆనించి, పైడీ అని పిలిచింది. కూతురి పేరు పైడమ్మ. ఆ పేరు ఇంట్లో పలికి ఎన్నేళ్ళయిందో, నోట్లోంచి వచ్చేటప్పుడు గొంతు జీరపోయింది. మళ్ళీ పిలిచింది. ఈసారి బాగానే వచ్చింది. ఆకుపచ్చ కోక సంగతి, ఊళ్ళో అమ్మమ్మ పోయిన సంగతి, అర్పా ఇసకలో బట్టలుతికిన సంగతి వరసగా చెప్పుకొచ్చింది.

ఆదినారాయణ ఇంకా ఆ రెండు చెట్ల మధ్యా తిరుగుతూనే ఉన్నాడు. ఒక వేరు దగ్గర ఆగి, మడమతో మట్టి నొక్కి చూసి, తల అడ్డంగా ఊపి మళ్ళీ కదిలాడు. ఆవిడ మూట విప్పి, ఆకులో అన్నం పెట్టి, ముందు ఒక ముద్ద నేల మీద ఉంచింది.

"రా మావా, తిందువు గానీ" అంది. "తరవాత ఇద్దరం ఎతుకుదాం."